నిజాం దస్తార్ నుంచి ఎఫ్-35 హెల్మెట్ దాకా

"నువ్వు ఇంజినీరువి కదా, మన పాతబస్తీ వాళ్ళకు పనికొచ్చే సాంకేతిక విషయం ఏదైనా రాయి" అన్నారు సావనీర్ కమిటీ మిత్రులు. కంచన్‌బాగ్ పక్కన పెరిగిన మనకు క్షిపణుల గురించి కొత్తగా చెప్పేదేముంది? అందుకని యుద్ధవిమానం నడిపే మనిషి నెత్తిమీది టోపీ గురించి రాస్తున్నాను. దానికీ మన ఊరికీ ఉన్న సంబంధం నూరేళ్ళు దాటింది.

1918లో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు కానుకగా ఇచ్చింది మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్ల పేర్లలోనూ హైదరాబాద్ చేరింది. 152వ దళం చిహ్నం మీద ఉన్నదేమిటో తెలుసా? నిజాం తలపాగా, అంటే దస్తార్. పాత ఫొటోల్లో మనం చూసే ఆ దస్తారే ఇంగ్లండ్ ఆకాశంలో స్పిట్‌ఫైర్లు నడిపినవాళ్ళకు గుర్తుగా నిలిచింది.

ఆ పైలట్ల తలమీద మాత్రం ఉన్నది మెత్తటి తోలు టోపీ. చలికీ గాలికీ అడ్డం, చెవుల దగ్గర రేడియో పెట్టుకోవడానికి ఆధారం, అంతే. 1918 నాటి వాళ్ళకైతే పారాచూట్ కూడా లేదు. 1940 నాటికి పారాచూట్ వచ్చింది. విమానానికి నిప్పంటుకుంటే పైకప్పు తెరిచి, అంచు మీదుగా దూకేవాళ్ళు. జెట్ విమానాలు వచ్చాక ఆ పని కుదరలేదు. ఆ వేగంలో గాలి మనిషిని సీటుకే అదిమేస్తుంది. అప్పుడు సీటుతో సహా మనిషిని పైకి పేల్చే ఏర్పాటు చేశారు. 1946 జులై 24న బెర్నార్డ్ లించ్ అనే బ్రిటిష్ ఉద్యోగి మీటియర్ జెట్ నుంచి మార్టిన్-బేకర్ సీటులో అలా బయటికి ఎగిరి, క్షేమంగా దిగాడు.

జెట్లతోపాటే గట్టి హెల్మెట్ కూడా వచ్చింది. తల పగలకుండా కాపాడడం దాని పని. అయితే ఖాళీ గోడ కనిపిస్తే మేకు కొట్టే అలవాటు ఇంజినీర్లకూ ఉంది. ఆక్సిజన్ మాస్కు, ఎండ అద్దం, రాత్రి చూపు కళ్ళజోడు ఒక్కొక్కటిగా ఆ హెల్మెట్‌కే తగిలించారు. మనదేశానికి 1987లో వచ్చిన మిగ్-29లో పైలట్ తల తిప్పి చూసిన వైపే క్షిపణి గురి పెట్టే సాధనం హెల్మెట్ మీదే ఉంది. ఎఫ్-35 హెల్మెట్‌లో అయితే పైలట్‌కు కావాల్సిన అంకెలన్నీ కళ్ళముందున్న అద్దం మీదే పడతాయి. ఆ హెల్మెట్ బరువు సుమారు 2.3 కిలోలు.

రెండు కిలోలంటే లెక్కేమిటి, లాల్‌దర్వాజా బోనాలకు మన ఆడవాళ్ళు అంతకన్నా ఎక్కువే మోస్తారు అనవచ్చు. నిజమే. కానీ బోనం బరువు నడినెత్తిమీద, వెన్నెముక గీత మీదే ఉంటుంది. మెడ నిటారుగా నిలిస్తే చాలు. హెల్మెట్‌కు తగిలించిన సామాను మాత్రం నుదుటి దగ్గర, కళ్ళముందు ఉంటుంది. అది తలను ఎప్పుడూ ముందుకు లాగుతూనే ఉంటుంది. పైగా సీటు పేలినప్పుడు ప్రతి బరువూ పది పదిహేను రెట్లవుతుంది. మనిషి తల దాదాపు 5 కిలోలు, హెల్మెట్, మాస్కు కలిపి మరో 2 కిలోలు అనుకుందాం. 15 జీ దగ్గర మెడ మోయాల్సింది నూరు కిలోలు దాటుతుంది. అదీ రెప్పపాటులో, తల ముందుకు వంగబోతుండగా.

అది మొదటి దెబ్బ మాత్రమే. విమానం బయటికి రాగానే ఎదురుగాలి హెల్మెట్ కిందికి దూరి దాన్ని పైకి ఎత్తబోతుంది, దాంతో మెడ సాగుతుంది. తర్వాత పారాచూట్ విచ్చుకున్నప్పుడు ఒళ్ళు ఒక్కసారిగా ఆగుతుంది, తల మాత్రం ఆగదు. ఈ మూడో దెబ్బే తేలికపాటి మనిషికి ఎక్కువ ప్రమాదం. అదే పారాచూట్ 60 కిలోల మనిషిని 90 కిలోల మనిషికన్నా గట్టిగా గుంజుతుంది. సన్నని మెడ, అదే హెల్మెట్.

అమెరికాలో పాత ఎజెక్షన్ సీట్లు సుమారు 64 నుంచి 96 కిలోల మగవాళ్ళ కోసం చేసినవి. ఎఫ్-35 సీటు మాత్రం 47 నుంచి 111 కిలోల దాకా అందరికీ పనికిరావాలని ముందే షరతు పెట్టారు. అయినా పరీక్షల్లో తేలికపాటి బొమ్మల మెడలు తట్టుకోలేదు. 2015లో 136 పౌండ్ల, అంటే దాదాపు 62 కిలోల లోపు పైలట్లను ఆ విమానం ఎక్కవద్దన్నారు. 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. అందుకోసం హెల్మెట్‌ను సుమారు 2.1 కిలోలకు తగ్గించారు, తేలికపాటి పైలట్లకు పారాచూట్ కాస్త ఆలస్యంగా తెరుచుకునేలా సీటుకు ఒక మీట పెట్టారు, తల వెనక్కి విరగకుండా పారాచూట్ తాళ్ళ మధ్య ఒక గుడ్డ పట్టీ కుట్టారు. గమనించండి, హెల్మెట్‌లో తగ్గింది పావుకిలో లోపే. మిగతా పని సీటూ పారాచూటూ చేశాయి. హెల్మెట్ ఒకరు, సీటు ఒకరు, పారాచూట్ మరొకరు చేస్తే మధ్యలో ఉన్న మెడ ఎవరి బాధ్యతా కాదు. నా వృత్తిలో ఇలాంటివి చాలా చూశాను.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మనదేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా అధికార హోదా పొందింది మన దుండిగల్‌లోనే. వాళ్ళు జెట్ నేర్చుకున్నది హకీంపేటలో, కిరణ్ మీద. దానిలో ఉన్నదీ మార్టిన్-బేకర్ సీటే. 2017 సెప్టెంబరులో హకీంపేట నుంచి లేచిన ఒక కిరణ్ కీసర మండలం అంకిరెడ్డిపల్లి దగ్గర కూలింది. శిక్షణలో ఉన్న పైలట్ ఎజెక్ట్ అయి బతికి బయటపడ్డారు. అంటే ఈ లెక్కలు మన ఊరి మీదనే, రోజూ మనం తలెత్తి చూసే ఆకాశంలోనే పరీక్షకు నిలుస్తున్నాయి.

మన బడి ఆడపిల్లలు ఎవరైనా అటు వెళ్ళాలనుకుంటే, బరువు తక్కువని భయపెట్టే పెద్దలకు ఈ ఎఫ్-35 కథ చెప్పండి. మెడ కండరాలకు వ్యాయామం మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి.