వెండిని తిన్న ఉప్పు

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి ఇంటికి చుట్టాలొచ్చారు. మురిపెంకొద్దీ పుట్టింటివారిచ్చిన వెండిగిన్నెలో ఉప్పు పోసి వడ్డనలో పెట్టాను. రాత్రి తీయడం మరిచిపోయాను. తెల్లవారి చూద్దును కదా, గిన్నె అడుగున నల్లటి మచ్చలు! "ఉప్పుకీ వెండికీ పడదే అమ్మాయీ! జాడీ ఉన్నది ఎందుకనుకున్నావూ?" అన్నారు మా అత్తగారు.

ఈ సంగతి విక్టోరియా రాణిగారి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇంగ్లండులో సంసారాలు చేసిన ఇల్లాళ్ళకీ తెలుసు. తెలిసీ వాళ్ళు ఉప్పుని వెండిలోనే పెట్టారు!

అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు అక్కడి ప్రభువుల విందుల్లో బల్లమీద ఒకటే పెద్ద ఉప్పుపాత్ర ఉండేది. దానికి ఎగువన గొప్పవాళ్ళు, దిగువన తక్కువవాళ్ళు కూర్చోవాలి. విక్టోరియా నాటికి ఆ పాత్ర చిన్నదై, జతలు జతలుగా బల్లంతా పరుచుకుంది. అరచేతిలో ఇమిడే గిన్నె, కింద మూడో నాలుగో బుల్లికాళ్ళు, పక్కన బొమ్మల పెళ్ళికి పనికొచ్చేటంత చెంచా! ఆ రోజుల్లో ఉప్పు చెమ్మకి ముద్దకట్టేది కాబట్టి చిల్లుల సీసాలోంచి చల్లుకోవడం కుదిరేది కాదు.

వాళ్ళ స్టెర్లింగు వెండిలో వెయ్యి పాళ్ళకి 925 పాళ్ళు వెండి. తక్కినది ఎక్కువగా రాగి. దానికి గుర్తుగా నడుస్తున్న సింహం ముద్ర వేస్తారు. కానీ ఉప్పు సింహానికి భయపడుతుందా? చెమ్మ తగిలితే చాలు, వెండిని తినేస్తుంది. అందుకని గిన్నె లోపల బంగారుపూత పూసేవారు, లేదా నీలిరంగు గాజుగిన్నె అమర్చేవారు. వెండి నగిషీ సందుల్లోంచి ఆ నీలం తొంగిచూస్తుంటే ఎంత అందం! అయినా భోజనాలయ్యాక ఉప్పు తీసేసి, గిన్నె కడిగి, పొడిగా తుడవాల్సిందే. ముచ్చట ఇంటావిడది, చాకిరీ పనిపిల్లది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండులో ఉప్పుమీద పన్ను 1825లోనే ఎత్తేశారు. అదే రాణిగారి ఏలుబడిలో మనవాళ్ళు మాత్రం గంజిలో వేసుకునే ఉప్పుకీ పన్ను కట్టారు. 1882 చట్టం ఉప్పు తయారీని సర్కారు గుప్పిట్లో పెట్టింది. సముద్రం పక్కనే కాపురమున్నా గుప్పెడు ఉప్పు వండుకుంటే నేరమే! 1930లో గాంధీగారు దండి వెళ్ళింది అందుకే. మద్రాసు ఉప్పు సత్యాగ్రహంలో మన దుర్గాబాయమ్మగారు జైలుకెళ్ళిందీ అందుకే. ఆ పన్ను చివరికి 1947లో పోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ముద్దకట్టని ఉప్పు వచ్చింది, చిల్లుల సీసాలొచ్చాయి. వెండిగిన్నెలు పాతసామాన్ల ప్రియుల అద్దాల బీరువాల్లోకి చేరాయి. నీలిగాజు పగిలాక కూడా వాడిన గిన్నెల అడుగున గుంటలు పడ్డాయి. ఎంత తోమినా అవి పోవు.

ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉంటుందంటాం. ఉప్పుకి మాత్రం ఏ విశ్వాసమూ లేదు సుమండీ, పీట వేసి కూర్చోబెట్టిన వెండినే తినేసింది! మా గిన్నెలో ఇప్పుడు కుంకుమ పోసుకుంటున్నాను. ఉప్పు మాత్రం అత్తగారి జాడీలోనే ఉంది.