జాతర, భేటి, దర్బార్: మూడింటికీ ఒకటే మాట సరిపోతుందా?



ఇంగ్లీషులో 'సెరిమొనీ' అని ఒక మాట ఉంది. పెళ్లికీ అదే, చావుకీ అదే, బహుమతులిచ్చే సభకీ అదే. లాటిన్ నుంచి వచ్చిన ఈ మాటకు మొదట పవిత్రత, దైవం పట్ల భయభక్తులు అనే అర్థం ఉండేది. తెలుగులో దాన్ని వేడుక అంటారు, ఉత్సవం అంటారు, తంతు అంటారు. కానీ ఇవన్నీ ఒకటి కావు. వేడుకలో సంతోషం ఉంది. తంతు అంటే పద్ధతి ప్రకారం చేసే పని. అయితే "ఏదో తంతు కానిచ్చేశారు" అన్నామంటే, అందులో ప్రాణం లేదని చెప్పినట్టే.

మన గురించి రాసేవాళ్లు మాత్రం అన్నిటినీ 'గిరిజన ఉత్సవాలు' అని ఒకే గంపలో వేసేస్తారు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబానే చూడండి. అక్కడ మూడు వేర్వేరు పనులు ఉన్నాయి, మూడింటికీ వేర్వేరు పేర్లు ఉన్నాయి.

మొదటిది జాతర. ఈ మాట 'యాత్ర' నుంచి వచ్చింది, అంటే ప్రయాణం. ఇప్పుడు జాతర అనగానే దుకాణాలు, రంగుల రాట్నం గుర్తొస్తాయి. కానీ మెస్రం వంశం వాళ్లు పాత అర్థాన్ని ఇంకా కాళ్లతో నడిచి నిలబెడుతున్నారు. జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర హస్తినమడుగుకు కాలినడకన పోయి, ఝరిలో గోదావరి జలం తెస్తారు. ఆ నీళ్లతోనే పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ. ఆడపడుచులకు, అల్లుళ్లకు కూడా వాళ్ల వాళ్ల పనులున్నాయి: నీళ్లు మోసుకురావాలి, మట్టితో పుట్టలు చేయాలి. బస్సు దిగి వచ్చిన జనానికి కనిపించేది ఇంత పని అయ్యాక మిగిలిన భాగమే.

రెండోది భేటి. ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకొని, ముసుగు వేసుకొని, దేవుడి ముందుకు వస్తారు. పెద్దలు వాళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. పెళ్లి ఇద్దరిని కలిపితే, భేటి ఆ అమ్మాయిని మొత్తం వంశంతో, వంశదేవుడితో కలుపుతుంది. 'పరిచయ కార్యక్రమం' అని రాస్తే ఈ బరువంతా పోతుంది.

మూడోది దర్బార్. ఇది పూజ కాదు, చరిత్ర. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, మనవాళ్లు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. అన్ని ఊర్ల గోండులు కేస్లాపూర్‌లో కలుస్తారని ఆయన గమనించాడు. అధికారులే అక్కడికి వచ్చి కష్టాలు వినాలని దర్బార్ పెట్టించాడు. రాజు దర్బారుకు జనం పోవాలి. ఈ దర్బారుకు మాత్రం అధికారులే జనం దగ్గరికి రావాలి. దాని వెనక భూమి కోసం, అడవి కోసం పోయిన ప్రాణాలున్నాయి.

అందుకే దర్బార్‌ను కూడా ఉత్సవంలో భాగం అనుకుంటే మనకే నష్టం. ఉత్సవానికి వచ్చిన అతిథి శాలువా కప్పించుకొని, ఫొటో దిగి వెళ్లిపోవచ్చు. దర్బారుకు వచ్చిన అధికారి మాత్రం జవాబు చెప్పాలి. పట్టా కోసం ఇచ్చిన అర్జీకి మళ్లీ పుష్యమాసం వచ్చేదాకా కదలిక లేకపోతే, ఆ దర్బార్ తంతుగా మారినట్టే లెక్క.

పేరు పోతే పని పోతుంది. పని పోతే, అది చేసే హక్కు ఎవరిదో కూడా మరిచిపోతారు. కాబట్టి కాలేజీలో ప్రాజెక్టు రాసినా, మీటింగులో మాట్లాడినా 'ఉత్సవం' అని ఊరుకోవద్దు. గోండు, కొలాం, తోటి, కోయ, సవర, ఎవరమైనా సరే, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు పెద్దల దగ్గర కూర్చుందాం. ఏ పనిని మన భాషలో ఏమంటారు, దాన్ని ఎవరు చేయాలి, ఎందుకు చేయాలి అని అడిగి రాసి పెట్టుకుందాం. కథలు మోసే పర్ధాన్ పెద్దలు ఉన్న ఊళ్లలో ముందు వాళ్లనే అడుగుదాం.

జై ఆదివాసీ.