వెండితెర వీరులు – చరిత్రలోని వీరులు

భాగ్యనగరమున ఆబిడ్సు, నాంపల్లి పేటల నడుమ మొజంజాహీ మార్కెటు కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున 1935లో నిర్మింపబడిన ఆ రాతికట్టడమునకు ఆయన రెండవ కుమారుని పేరు పెట్టిరి. దాని గడియారపు గోపురమును చూడని నగరవాసి యుండడు. అచ్చటికి అనతిదూరముననే గన్‌ఫౌండ్రీ యను తావు కలదు. నిత్యము వేలకొలది జనులు ఆ పేరు పలుకుచు పోవుచుందురు గాని, అది ఫిరంగులు పోతపోసిన కార్ఖానా పేరని తలచువారు కొందరే. నిజాం అలీఖాను కొలువున నున్న రేమండు అను ఫ్రెంచి సేనాని 1786 ప్రాంతమున దానిని నెలకొల్పెను. రేమండునకు ముప్పది యేండ్లకు పూర్వమే మరియొక ఫ్రెంచి సేనాని యీ నగరమున చక్రము త్రిప్పినాడు. అతడే బుస్సీ. అతని ఫిరంగులే బొబ్బిలి కోటను కూల్చినవి.

బొబ్బిలి కథ తెలియని తెలుగువాడు లేడు. అయితే ఎట్లు తెలిసినదని ప్రశ్నించినచో, పూర్వులు బుర్రకథ వలన తెలిసినదందురు. తరువాతి తరమువారు చలనచిత్రము వలన ననెదరు. 1964లో సి. సీతారాము దర్శకత్వమున వచ్చిన ‘బొబ్బిలియుద్ధం’ చిత్రమున రామారావు రంగారాయుడుగను, ఎస్.వి. రంగారావు తాండ్ర పాపారాయుడుగను, భానుమతి మల్లమ్మదేవిగను కన్పట్టిరి. 1986లో దాసరి నారాయణరావు అదే యుద్ధమును ‘తాండ్ర పాపారాయుడు’ అను పేర చిత్రించిరి. అందు కృష్ణంరాజు కథానాయకుడు. యుద్ధ మొక్కటే, ఒక చిత్రమున రాజు ముందు నిలిచెను, మరియొకదానియందు సేనాని ముందు నిలిచెను. చరిత్ర మారలేదు, చూచు కన్ను మారినది. ఈ చిన్న విషయమే మనకు మొదటి పాఠము.

ఇక యుద్ధకారణమును విచారింతము. తెరపై అది పౌరుషములకును పగలకును సంబంధించిన కథ. చరిత్రలో పగయు నున్నది, కాని దాని ప్రక్కన పైకపు లెక్క కూడ నున్నది. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి చేతికి వచ్చినవి. 1756లో సలాబత్‌జంగు బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ హైదరాబాదున చార్‌మహల్ తోటలో బలగముతో నిలిచి, సహాయసేన వచ్చువరకు ఎదిరించి, తిరిగి పదవిని సంపాదించెను. ఈ సందున సర్కారులలోని జమీందారులు పలువురు కప్పము నిలిపివైచిరి. విజయనగరపు పూసపాటి విజయరామరాజు మాత్రము ఫ్రెంచివారికి అనుకూలుడై యుండెను. పైకము వసూలు చేయుటకు బుస్సీ ఉత్తరమునకు కదలగా, రాజు తన సైన్యముతో కలిసికొనెను. ప్రక్క సంస్థానమైన బొబ్బిలితో ఆయనకు గల పాత వైరము ఆ తరుణమున రగిలినది. బొబ్బిలిని విడిచి వేరొకచోట భూములు పుచ్చుకొమ్మని రంగారాయునికి కబురు వచ్చెను, ఆయన అంగీకరింపలేదు. 1757 జనవరి 24వ తేదీన కోట ముట్టడింపబడెను. ఆశలుడిగిన పిమ్మట కోటలోని స్త్రీలను, పిల్లలను స్వజనులే శత్రువు చేతికి చిక్కనీయక మృత్యువునకు అప్పగించిరి. రంగారాయుడు పోరాడి పడెను.

ఈ వృత్తాంతమును వ్రాసినవారిలో రాబర్టు ఓర్మ్ ముఖ్యుడు. యుద్ధము తరువాత మూడవ రాత్రి బొబ్బిలి వీరులిద్దరు విజయరామరాజు గుడారమున దూరి ఆయనను పొడిచి చంపి, తామును హతులైరని ఆయన వ్రాసెను. వారి పేర్లు మాత్రము వ్రాయలేదు. మన బుర్రకథ ఆ ఖాళీలో తాండ్ర పాపారాయుని పేరు చేర్చినది. పాపారాయుడు రాజాము నుండి ఆలస్యముగా వచ్చి, భస్మమైన కోటను చూచి పగ తీర్చుకొనెనని జనులు పాడుకొనిరి. అట్లని పాట అబద్ధమని త్రోసివేయరాదు, ఓర్మ్ వ్రాత వేదమనియు కొలువరాదు. ఫ్రెంచివారి ప్రత్యర్థులైన ఆంగ్లేయుల పక్షమువాడు, యుద్ధము జరిగిన ఇరువది యేండ్ల పిమ్మట ఆ భాగమును అచ్చు వేయించినవాడు. పాటయు సాక్షియే, పుస్తకమును సాక్షియే. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట వివేకము.

అట్లయిన చిత్రకారుడు కథ కల్పింపరాదా? కల్పింపవచ్చును. మన యాలంకారికులలో ఆనందవర్ధనుడు ఈ మాట వేయేండ్లకు పూర్వమే విచారించెను: జరిగినది జరిగినట్లు చెప్పుట ఇతిహాసము పని, కవికి రసము ముఖ్యము, రసమునకు పొసగని దానిని కవి మార్చుకొనవచ్చును. కాళిదాసు దుర్వాసశాపమును కల్పించి దుష్యంతుని గౌరవమును కాపాడెను. కాని శాకుంతలము చదివినవారెవ్వరును భారతమును మూలకు త్రోయలేదు. మూలము అందరి నోట నుండెను. కావున కల్పన కల్పనగనే తెలిసెను. నేడు మూలము చదువువారు తక్కువై, తెర చూచువారు ఎక్కువైరి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

రుద్రమదేవిని చూడుడు. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజని పురుషనామముతో పేర్కొనబడెను. అది ఆధారముగ 2015 నాటి చిత్రమున ఆమె యౌవనము మనోహరముగ అల్లబడెను. కాని నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసన మొకటి కలదు. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి నొందినట్లు అది తెలుపుచున్నది. ముదిమిలో సేనానితో పాటు యుద్ధరంగమునకేగి మరణించి యుండునని పండితుల ఊహ. ఏ కల్పనకును తీసిపోని ఆ ముగింపు ఒక రాతిమీద నిలిచి, చదువువారికై ఎదురుచూచుచున్నది.

2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమున అల్లూరి సీతారామరాజును, కొమురం భీమును మిత్రులై ఢిల్లీలో కలసి పోరాడిరి. కల్పన యని నిర్మాతలే చెప్పిరి; అది మర్యాద. కాని బాలుడు ఆ మాట మరచును, దృశ్యమును మరువడు. సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణాపై దాడితో తిరుగుబాటు మొదలుపెట్టి, 1924 మే 7న మన్యమునందే ప్రాణము విడిచెను. భీము 1940లో జోడేఘాట్ వద్ద గోండుల భూమికై నేలకొరిగెను. ఒకరిది ఆంగ్ల ప్రభుత్వముతో పోరు, మరియొకరిది నిజాము ప్రభుత్వముతో పోరు. ఈ భేదము తుడిచివేసినచో, ఏ పన్నుకై, ఏ అడవికై, ఏ భూమికై వారు చనిపోయిరో ఆ కారణమే మరుగగును.

లెక్కల పుస్తకమున వచ్చిన సొమ్ము ఒకచోటను, రావలసినది మరియొకచోటను వ్రాయుదురు. రెండును కలిపివేసినచో ఊరికే నష్టము. చరిత్రయు నంతియే. తెలిసినది, ఊహించినది, కల్పించినది వేరువేరు పద్దులు. పద్దు తప్పినచో నష్టము మృతులకు మాత్రమే గాదు. విజయరామరాజు తెరమీద వట్టి దుష్టుడైనచో, విజయనగర ప్రాంతపు బాలుడు తన యూరి పేరు విన్నంతనే తలవంచుకొనవలసి వచ్చును. ఆయన చేసినది తప్పే కావచ్చును. కాని దాని కారణములు తెలిసి నిందించుట వేరు, తెలియక నిందించుట వేరు.

మొజంజాహీ మార్కెటునకు దూరము కాని సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901లో దానిని స్థాపించినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఒకరు. తెలుగున చరిత్రగ్రంథములు వెలువడవలెనని శ్రమించిన మహనీయు డాయన. తెలుగు చదువునకు ఆదరణ కరవైన కాలమున, పది పుస్తకములు చేర్చి పదిమందిచే చదివించుటయే వీరకార్యమని వారు తలచిరి. నేడు మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్నదన్నచో, ఆ దీపము నుండి వెలిగించిన దీపములలో ఇదియు నొకటి.

కావున చిత్రమును చూడుడు, ఆనందింపుడు, కంట నీరు పెట్టుకొనుడు. మరునాడు పిల్లవానిని వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు రండు. తెరమీది వీరుడు మూడు గంటలలో మరణించును. పుస్తకములోని వీరుడు పుట తెరచినప్పుడెల్ల మనతో మాటలాడును.