రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’: సిబ్బంది కొత్త విధానానికి అలవాటుపడిన తీరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ‘కార్డ్’ పేరిట కంప్యూటరీకరణను ప్రారంభించింది. అప్పటి ఇన్‌స్పెక్టర్ జనరల్ జె. సత్యనారాయణ సారథ్యంలో రూపొందిన ఈ పథకానికి ప్రభుత్వం సుమారు 13 కోట్ల రూపాయలు వెచ్చించింది. యంత్రాలు కొనడం, అమర్చడం కొన్ని నెలల పని. దశాబ్దాల తరబడి చేతిరాతకు అలవాటుపడిన సిబ్బందిని తెర ముందు కూర్చోబెట్టడమే అసలు కార్యభారమని ఆ అనుభవం తెలియజేస్తున్నది.

పూర్వ విధానాన్ని గ్రహిస్తే సిబ్బంది సంకోచానికి కారణం బోధపడుతుంది. నేడు అనకాపల్లి జిల్లాలో, 2022 ఏప్రిల్ 4కు పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉన్న బుచ్చెయ్యపేట మండలం వడ్డాది వంటి గ్రామంలో ఎకరం చెరకు భూమి కొనదలచిన రైతు ముందుగా దస్తావేజు లేఖకుని ఆశ్రయించేవాడు. భూమి మార్కెట్ విలువ ఎంతో కార్యాలయంలోని పట్టికలు తిరగవేసి గుమాస్తా చెప్పవలసినదే. ఆస్తిపై పాత తాకట్టులేమైనా ఉన్నవో తెలుసుకొనుటకు, అనగా ఈసీగా వ్యవహరించే ఋణభార ధ్రువపత్రం పొందుటకు, సూచికల పుస్తకాలను సంవత్సరాల వారీగా వెదకవలసి వచ్చేది. రిజిస్ట్రేషన్ ముగిసినా, దస్తావేజు ప్రతిని పుస్తకంలోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కించే వరకు అసలు పత్రం రైతు చేతికి అందేది కాదు. ఈ నకలు పనిలోని నేర్పు, విలువలు నోటికి చెప్పగల జ్ఞాపకశక్తి కార్యాలయంలో కొందరికి గౌరవాన్ని, మరికొందరికి పలుకుబడిని సమకూర్చాయి. విలువ తెరపై అందరికీ ఒకే విధంగా కనిపించే రోజున ఆ పలుకుబడికి నష్టమే. దస్తావేజు లేఖకులకూ, స్టాంపుల విక్రేతలకూ జీవనోపాధి పోవునన్న భయం ఉండడం సహజం.

శాఖ ఇందుకు శిక్షణను ప్రధాన సాధనంగా ఎంచుకున్నది. వెనుకటి 15 ఏళ్ల సూచికల వివరాలను ముందే కంప్యూటర్లలోకి ఎక్కించడం మరొక ముఖ్య నిర్ణయం. ఖాళీ యంత్రంతో పని మొదలైనట్లయితే సిబ్బంది ప్రతి ఈసీ కోసం మరల పాత పుస్తకాలకే వెళ్లేవారు. కొత్త వ్యవస్థ అదనపు బరువుగా మిగిలిపోయేది. పాత వివరాలు తెరపై లభించినందువల్ల రోజులు పట్టే వెదుకులాట నిమిషాలలో ముగియసాగింది. ఉద్యోగి నమ్మకం ఉపన్యాసాల కంటే ఈ సౌలభ్యం వల్లనే కుదురుతుంది.

చట్టం కూడా తోడురావలసి ఉన్నది. పుస్తకాలు చేతితో రాయవలసిందేనన్న నిబంధన అమలులో ఉన్నంత కాలం కంప్యూటర్‌లో చేసిన పనినే తిరిగి కాగితంపై చేయక తప్పదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో చేర్చిన 16-ఎ సెక్షన్ పుస్తకాలను ఫ్లాపీలు, డిస్కెట్లలో ఉంచుటకు అవకాశం కల్పించింది. ఏ శాఖలోనైనా ఇటువంటి ఇబ్బడి పనే ఉద్యోగులను కొత్త విధానానికి విముఖులను చేస్తుంది, దీనిని సిబ్బంది మొండితనంగా భావించడం సరికాదు.

అయితే ఫలితాలన్నీ ఆశించినట్లు రాలేదు. జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన పరిశీలనలో, కంప్యూటర్లు వచ్చినా లంచాల అలవాటు తొలగలేదని పేర్కొన్నారు. పరికరం మారినంత మాత్రాన పౌరునికి, కార్యాలయానికి నడుమ గల మధ్యవర్తి మారడు. 2023లో కార్డ్ 2.0 ప్రవేశపెట్టినప్పుడు దస్తావేజు లేఖకులు నిరసన తెలపడం గమనార్హం. పాతికేళ్ల తరువాత కూడా అదే వర్గం, అదే ఆందోళన!

2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో పరిస్థితి వేరు. అక్కడ పంచాయతీ కార్యదర్శి గ్రేడ్-6 హోదాలో డిజిటల్ అసిస్టెంటును నియమించినందున కంప్యూటర్ పని ఆ ఉద్యోగపు ప్రధాన విధిగానే నిర్ణయమైనది. పాత అలవాటును మాన్పించవలసిన అవసరం ఆ ఉద్యోగి విషయంలో కలగలేదు. అదే కార్యాలయంలో రికార్డులు చేతితో నిర్వహించిన అనుభవం గల పాత సిబ్బందికి మాత్రం శిక్షణ అవసరమే. ఒక్కరికే కంప్యూటర్ తెలిసిన చోట ఆ ఉద్యోగి సెలవు పెట్టిన రోజున దరఖాస్తుదారులు వేచి ఉండవలసి వస్తుంది కనుక, ఇద్దరికైనా నేర్పించడం కార్యాలయాధికారులు ముందుగా చూడవలసిన విషయం.