తలకు ఏం తొడగాలి, లోపల ఏం వేసుకోవాలి: నీళ్ళలో మునిగేవాళ్ళ చలిబట్టల చరిత్ర

మన సంఘంలో చాలా ఇళ్ళ పిల్లలు ఇప్పుడు విదేశాల్లో ఉన్నారు. కొందరు సెలవుల్లో స్కూబా నేర్చుకుంటున్నారు. కాలిఫోర్నియాలో మాంటెరీ దగ్గర సముద్రం ఏడాదిలో చాలా రోజులు 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటుంది. తలకు హుడ్ కొనాలా, వెట్‌సూట్ లోపల వెస్ట్ వేసుకుంటే సరిపోతుందా అని వాళ్ళు అడిగితే, కవరైపేట్టైలో ఫ్యాను కింద కూర్చున్న మనకు నవ్వొస్తుంది. కానీ ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది, దానికి ఒక కొస మన పక్కనే ఉంది.

మనకు ఒక్క స్టేషన్ అవతల పొన్నేరి. అక్కడ దిగి తూర్పుకు పోతే పళవేర్కాడు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయ కావేరి కథలు' చదివినవాళ్ళకు ఆ సరస్సు తెలుగు పేరు గుర్తుండే ఉంటుంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని మన తీరం బట్టలు ఓడలకెక్కించారు. ఆ ఊరి రంగు రుమాళ్ళకు ఎంత పేరొచ్చిందంటే, తర్వాత స్కాట్లాండు నేతగాళ్ళు అలాంటివే నేసి 'పుల్లికేట్' అని అమ్ముకున్నారు. (కవరై అంటే తమిళనాట బలిజలను పిలిచే పేరు, పేట్టై అంటే పేట. మన ఊరి పేరు సంగతి ఇంకోసారి రాస్తాం.) ఎండలో తలకు చుట్టుకోవడానికి నూలు రుమాలును మించింది లేదు. నీళ్ళలో మాత్రం అది ఎందుకూ పనికిరాదు.

ఎందుకంటే నీరు ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు గుడ్డ తడిసిందంటే దాని గుండా నీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి. మనకు వెచ్చగా తోచే 27 డిగ్రీల నీళ్ళలో కూడా గంటల తరబడి ఉంటే వణుకు పుడుతుంది. పళవేర్కాడు సరస్సులో ఇరుళర్లు, ఆంధ్ర వైపు యానాదులు వట్టి చేతులతో బురదలో తడిమి రొయ్యలు పడతారు. తాటాకు బుట్టను పళ్ళతో పట్టుకుని, నీళ్ళలో వంగి పాకుతూ పోతారు. ఒంటిమీద ఉండేది నూలు బట్టే.

పాశ్చాత్యులు ఈ చలికి మొదట ఉన్నితో జవాబు వెతికారు. 1830లలో లండన్‌లో ఆగస్టస్ సీబ్ తయారుచేసిన డైవింగ్ దుస్తుల్లో రాగి హెల్మెట్టు, రబ్బరు పూసిన గుడ్డ ఉండేవి. నీళ్ళు లోపలికి రావు, కానీ చలి వస్తుంది. అందుకే డైవర్లు లోపల ఉన్ని బనియన్లు, ఉన్ని మేజోళ్ళు, తలకు ఉన్ని టోపీ వేసుకునేవారు. ఇప్పటి హుడ్‌కూ వెస్ట్‌కూ తాతముత్తాతలు అవే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈతగాళ్ళ సైనికులు కూడా పల్చటి రబ్బరు కింద ఉన్నే తొడిగారు. రబ్బరు ఎక్కడైనా చిరిగిందా, ఉన్ని తడిసి ముద్దయి, వెచ్చదనం కాస్తా పోయేది.

దారి మార్చింది హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో పనిచేసి, తర్వాత బర్క్‌లీలో ఉన్న మనిషి. 1951లో ఆయనకు తట్టింది ఇది: ఒళ్ళు పొడిగా ఉండనక్కర్లేదు. బట్టలోనే గాలి బుడగలు బందీగా ఉంటే, కాస్త నీళ్ళు లోపలికి వచ్చినా అవి అక్కడే నిలిచి ఒంటివేడికి వెచ్చబడతాయి. డ్యూపాంట్ కంపెనీ 1930లలో తెచ్చిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును నురగలా పొంగించి సూటు కుట్టారు. తర్వాత జాక్ ఓనీల్, మీస్ట్రెల్ సోదరులు దాన్ని అంగళ్ళకు తెచ్చారు. బ్రాడ్నర్‌కు దాని మీద పెద్దగా డబ్బు వచ్చింది లేదు.

మా దృష్టిలో ఈ చరిత్రలో అసలు ఘట్టం కొరియాలోని జెజు దీవిది. అక్కడి హేన్యో స్త్రీలు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి మునిగి నత్తలు, సముద్రపు పాచి తెస్తారు. 1970ల దాకా వాళ్ళు నూలు బట్టలతోనే, చలికాలం 10 డిగ్రీల నీళ్ళలో కూడా మునిగేవారు. హాంగ్ సుక్‌కీ, హెర్మన్ రాన్ బృందాలు 1960లలో పరీక్షిస్తే, పని ముగిసేసరికి ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల దగ్గరికి పడిపోయేదని తేలింది. చలి పట్టగానే ఒడ్డుకొచ్చి, రాళ్ళు పేర్చిన గోడల మధ్య మంట దగ్గర కూర్చునేవారు. వాళ్ళ శరీరాలు చలికి మామూలు మనుషుల కంటే ఎక్కువ అలవాటు పడ్డాయని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. తర్వాత వెట్‌సూట్లు వచ్చాయి. నీళ్ళలో గంటలకొద్దీ ఉండగలిగారు, సంపాదన పెరిగింది. కొన్నేళ్ళలోనే ఆ చలి అలవాటు వాళ్ళ ఒంట్లోంచి మాయమైంది. జపాన్‌లో కొన్ని ఊళ్ళయితే, నత్తలు మిగలవన్న భయంతో తమ అమ స్త్రీలకు వెట్‌సూట్ల మీద కట్టడి పెట్టుకున్నాయి. చలి బాధ పోవడం మంచిదే. ఎప్పుడు ఒడ్డుకు రావాలో చెప్పిన చలి పోయాక, ఆ మాట చెప్పడానికి ఊరు కూర్చోవలసి వచ్చింది.

ఇక తల సంగతి. "ఒంటి వేడి సగం తలలోంచే పోతుంది" అని పెద్దలూ చెబుతారు, పుస్తకాలూ చెప్పాయి. అది నిజం కాదు. తల ఒంటిలో సుమారు పదో వంతు, పోయే వేడీ దాదాపు అంతే. అలాగని హుడ్ అక్కర్లేదనుకోకండి. 2006లో కెనడాలో గీస్‌బ్రెక్ట్ బృందం 17 డిగ్రీల నీళ్ళలో మనుషుల్ని తలతో సహా ముంచి చూస్తే, తల నుంచి పోయిన వేడి కొంచెమే అయినా లోపలి శరీరం అనుకున్నదానికంటే చాలా త్వరగా చల్లబడింది. పైగా చెవిలోకి చన్నీళ్ళు చటుక్కున పోతే తల తిరుగుతుంది. నీళ్ళ కింద అది ఆషామాషీ కాదు.

కాబట్టి పిల్లలకు మా మాట: 15 డిగ్రీల కింద నీళ్ళయితే హుడ్ ఉండాల్సిందే. వెస్ట్ కూడా కొంటున్నట్లయితే రెండూ విడివిడిగా కాకుండా, హుడ్ కలిపి కుట్టిన వెస్టే తీసుకోండి. చన్నీళ్ళు ఎక్కువగా దూరేది మెడ దగ్గరే, ఆ సందు అక్కడ మూసుకుపోతుంది. దాన్ని సూటు లోపల వేసుకోవాలి. మందం కంటే ఒంటికి అతుక్కుని ఉండడం ముఖ్యం, వదులుగా ఉన్న 7 మిల్లీమీటర్ల కంటే బిగువుగా ఉన్న 5 మేలు. కానీ మెడ దగ్గర ఊపిరాడనంత బిగువు వద్దు. అక్కడి రక్తనాళాల మీద ఒత్తిడి పడితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. అంగట్లోనే తొడుక్కుని తల అటూ ఇటూ తిప్పి, దవడ కదిలించి చూడమనండి. ఇంకొకటి: వెస్ట్ వేసుకుంటే నీళ్ళు మనిషిని పైకి ఎక్కువ తేలుస్తాయి, నడుముకు కట్టే బరువులు మళ్ళీ సరిచూసుకోవాలి. 10 మీటర్ల లోతులో నియోప్రీన్ బుడగలు సగానికి నలిగిపోతాయి, ఒడ్డున ఉన్న వెచ్చదనం అక్కడ ఉండదు.

మార్గళిలో పళవేర్కాడు వెళ్ళే సభ్యులు రొయ్యలు పట్టేవాళ్ళు ఒడ్డుకు వచ్చినప్పుడు కాసేపు ఆగి మాట్లాడండి. ఎంతసేపు నీళ్ళలో ఉంటారు, చలి ముందు ఎక్కడ పడుతుంది, ఏం చేస్తారు, ఎప్పుడు లేచి వస్తారు? వాళ్ళు ఏ మాటలతో చెబితే ఆ మాటలే రాసుకుని మాకు పంపండి.