కళింగ ఎయిర్‌లైన్స్

కళింగ ఎయిర్‌లైన్స్ రెండవ ప్రపంచ యుద్ధానంతరం కలకత్తా కేంద్రంగా పనిచేసిన భారతీయ ప్రైవేటు విమానయాన సంస్థ. దీని స్థాపకుడు ఒడిషాకు చెందిన బిజూ పట్నాయక్. స్వయంగా విమాన చోదకుడైన ఈయన తరువాతి కాలంలో ఒడిషా ముఖ్యమంత్రి అయ్యాడు. నిర్ణీత వేళాపట్టిక లేకుండా, అవసరాన్ని బట్టి సరుకులను, ప్రయాణికులను చేరవేసే నాన్-షెడ్యూల్డ్ సర్వీసులు ఈ సంస్థ పనిలో ముఖ్యభాగం.

విమానాలు

సంస్థ ప్రధానంగా డగ్లస్ డకోటా (డీసీ-3) విమానాలను వాడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక డకోటాలు భారతదేశంలో చౌకగా అమ్ముడయ్యాయి. అనేక చిన్న సంస్థలు పుట్టడానికి ఇదే కారణం. రెండు ఇంజన్లు గల ఈ విమానం మట్టి రన్‌వేలపై కూడా దిగగలదు. వెనుకభాగంలోని పెద్ద తలుపు సరుకులు ఎక్కించడానికీ, గాలిలోనుండి జారవిడవడానికీ అనువుగా ఉండేది.

ఇండోనేషియా స్వాతంత్ర్య పోరాటం

1947 జూలై 21న డచ్చి సేనలు ఇండోనేషియా రిపబ్లిక్‌పై దాడి ప్రారంభించాయి. నెహ్రూ కోరికపై పట్నాయక్ జావాకు వెళ్ళి, మాజీ ప్రధాని సుతాన్ షహ్రీర్‌ను సింగపూరు మీదుగా ఢిల్లీకి చేర్చాడు. ఆగస్టులో షహ్రీర్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో తమ దేశం వాదన వినిపించాడు.

పట్నాయక్ సమకూర్చిన వీటీ-సీఎల్ఏ అనే డకోటా 1947 జూలై 29న మలయా రెడ్‌క్రాస్ ఇచ్చిన మందులతో సింగపూరు నుండి యోగ్యకర్త బయలుదేరింది. అదే రోజు ఉదయం ఇండోనేషియా విమానాలు డచ్చి స్థావరాలపై బాంబులు వేశాయి. సాయంత్రం మగువో విమానాశ్రయంలో దిగబోతున్న డకోటాను డచ్చి కిట్టీహాక్ యుద్ధవిమానాలు కూల్చివేశాయి. ఇండోనేషియా వైమానిక దళ నిర్మాతలైన అదిసుచిప్తో, అబ్దుల్ రహ్మాన్ సాలెహ్‌లతో సహా ఎనిమిదిమంది మరణించారు. ఒక్కరు మాత్రమే బ్రతికారు. మగువో విమానాశ్రయానికి 1952లో అదిసుచిప్తో పేరు పెట్టారు. విమానం కూలిన న్గోతో గ్రామంలో స్మారక చిహ్నం ఉంది. ఇండోనేషియా వైమానిక దళం ఏటా జూలై 29ని స్మారక దినంగా పాటిస్తుంది.

జాతీయీకరణ, తరువాత

1953లో వైమానిక సంస్థల జాతీయీకరణ జరిగినపుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైన ఎనిమిది సంస్థలలో కళింగ ఒకటి. హైదరాబాదుకు చెందిన దక్కన్ ఎయిర్‌వేస్ మరొకటి. అయితే కొత్త చట్టం షెడ్యూల్డ్ సర్వీసులను మాత్రమే ప్రభుత్వానికి ప్రత్యేకించింది. అందువల్ల కళింగ పేరుతో నాన్-షెడ్యూల్డ్ సర్వీసులు మళ్ళీ నడిచాయి. రోడ్లు లేని ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో (నేటి అరుణాచల్ ప్రదేశ్) కొండలపై ఉన్న సైనిక, పాలనా శిబిరాలకు కళింగ డకోటాలు ఆహారపదార్థాలను గాలిలోనుండి జారవిడిచేవి.

ఇండోనేషియాకు చేసిన సేవకు గుర్తింపుగా ఆ దేశ ప్రభుత్వం 1995లో బిజూ పట్నాయక్‌ను "బింతాంగ్ జాస ఉతామ" పురస్కారంతో గౌరవించింది.