ఘనాలో పీఎఫ్ కాస్తా పింఛనైన వైనం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆఫ్రికా దేశాలు వరసబెట్టి ప్రావిడెంట్ ఫండ్లు పెట్టుకున్నాయి. నైజీరియా 1961లో, టాంజానియా 1964లో, ఘనా 1965లో, జాంబియా 1966లో. మన పీఎఫ్ లాంటివే: జీతంలో కోత, యజమాని వాటా, రిటైరైనప్పుడు మొత్తం ఒకేసారి చేతికి. ఇవన్నీ బ్రిటిష్ ఏలుబడిలో నలిగినవే. కూలివాడు పట్నంలో పనిచేస్తాడు, ముసలివాడై ఊరికి పోతాడు, అక్కడ అయినవాళ్లు చూసుకుంటారు అన్నది దొరల లెక్క. కొత్త ప్రభుత్వాలు ఆ లెక్కను పెద్దగా ప్రశ్నించలేదు. ఎవరి డబ్బు వాళ్లకే ఇచ్చేది, పైగా ఈలోగా ఆ నిధి సర్కారు అవసరాలకు అక్కరకొచ్చేది.

ఘనాలో సర్కారు ఉద్యోగులకు మాత్రం ముందునుంచీ పింఛనే ఉండేది. వాళ్ల నుంచి పైసా తీసుకునేవారు కాదు. వలస పాలన నాటి చట్టాల సంపుటంలో 30వ అధ్యాయం కాబట్టి దానికి ‘క్యాప్ థర్టీ’ అనే పేరు స్థిరపడింది. 1972లో ఎస్‌ఎస్‌నిట్ అనే ట్రస్టు ఏర్పడి 1965 నాటి ప్రావిడెంట్ ఫండును చేతికి తీసుకుంది.

ఆ తర్వాతి ఏళ్లే కొంప ముంచాయి. 1977లో ధరలు ఏడాదిలో రెట్టింపు దాటాయి. 1983లో ద్రవ్యోల్బణం 120 శాతం మించింది. అదే ఏడు కరువు, కార్చిచ్చులు. నైజీరియా వెళ్లగొట్టిన లక్షలాది మంది తిరిగొచ్చారు. ఏళ్ల తరబడి నెలనెలా కట్టినవాడి చేతికి వచ్చిన సెడీలు (ఘనా డబ్బు) ఏ మూలకూ చాల్లేదు. పుస్తకంలో అంకె భద్రంగానే ఉంది, విలువే లేదు.

1991లో పీఎఫ్‌ను పింఛనుగా మార్చారు. అప్పటి నియమం ప్రకారం 240 నెలలు చందా కడితే బతికినన్నాళ్లూ నెలకింత. ఒక్కసారిగా డబ్బు చూడాలన్న ఆశ మాత్రం చావలేదు. పింఛనులో పావు వంతును 12 ఏళ్లకు లెక్కగట్టి ముందే తీసుకునే వీలు ఉంచారు. క్యాప్ థర్టీ వాళ్లతో పోలిస్తే తమకు తక్కువ వస్తోందని ఎస్‌ఎస్‌నిట్ కింద ఉన్న ఉద్యోగులు గొడవ చేశారు. చివరికి 2008 చట్టం మూడు అంచెలు తెచ్చింది: జీతంలో 18.5 శాతం చందా, అందులో 5 శాతం విడి నిధికి పోయి ఒకేసారి చేతికొస్తుంది. మూడో అంచె ఇష్టమున్నవాళ్లకు. సైన్యాన్ని మాత్రం దీని జోలికి రానివ్వలేదు.

ఇదంతా జీతగాళ్ల గోల. అక్రాలో మకోలా మార్కెట్లో టమాటాలమ్మే ఆవిడకు ఉన్నది సుసు. రోజూ ఒకతను దుకాణం దగ్గరకొచ్చి అనుకున్న మొత్తం పట్టుకెళ్తాడు, కార్డు మీద గుర్తు పెడతాడు. నెలాఖరుకు ఒక రోజు సొమ్ము తన కూలిగా ఉంచుకుని మిగతాది తిరిగిస్తాడు. ముసలితనానికి కాదు, వచ్చే నెల సరుకుకు. ఇలా సొంతంగా పనిచేసుకునేవాళ్లను చేర్చుకోవాలని ఎస్‌ఎస్‌నిట్ 2023లో మరో పథకం మొదలెట్టింది.

2022 డిసెంబరులో ద్రవ్యోల్బణం మళ్లీ 54 శాతానికి చేరింది. అప్పులు తీర్చలేని సర్కారు, తన బాండ్లు కొన్నవాళ్లను పాతవి వదులుకుని తక్కువ వడ్డీకి కొత్తవి తీసుకోమంది. సమ్మె చేస్తామని కార్మిక సంఘాలు హెచ్చరించడంతో ఆ బాండ్లు కొన్న పింఛను నిధులకు అప్పటికి మినహాయింపు దొరికింది. దాచుకున్న డబ్బుతో సొంతంగా బాండ్లు కొన్న రిటైరైనవాళ్లకు ఆ సంఘబలం లేదు. 2023 ఫిబ్రవరిలో వాళ్లు ఆర్థిక శాఖ ముందు కూర్చున్నారు. వాళ్లలో ఘనా మాజీ ప్రధాన న్యాయమూర్తి సోఫియా అకుఫో కూడా ఉన్నారు.